ఖాళీ గోడౌన్ నిండిపోయింది

తల్లం అశ్వత్థయ్య శెట్టి లెక్కలో లోకంలోని సరుకు రెండే రకాలు. ఉన్నది, లేనిది. ముప్పై ఆరేళ్ళుగా శనగ విత్తనాల వ్యాపారం చేస్తున్నా ఆయనకు మూడో గడి గీసుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ఆ మూడో గడిని కనిపెట్టిన ఘనత జిల్లా విత్తన నిల్వల మండలికి దక్కింది. కనిపెట్టిన రోజున శెట్టి అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

శెట్టి బతుకును సంవత్సరాలతో కొలవడు, పదునుతో కొలుస్తాడు. నల్లరేగడిలో శనగ వేయాలంటే అక్టోబరులో ఒక మంచి వాన పడాలి. వాన వెలిసిన రెండు రోజులు చేలోకి దిగడానికి లేదు, కాలు పెడితే చెప్పు లోపలే ఉండిపోతుంది. మూడో రోజు విత్తనం వేసే గొర్రు దిగుతుంది. ఆరో రోజు సాయంత్రానికి తడి ఆరి నేల బిగుసుకుపోతుంది. ఆ తరవాత విత్తనం వేసినా, వేయకపోయినా ఒకటే. అంటే ఏడాదికి పదును నాలుగు రోజులు. ముప్పై ఆరేళ్ళకు నూట నలభై నాలుగు. తాను పనికొచ్చేట్టు బతికింది ఆ నూట నలభై నాలుగు రోజులేనని, మిగతా కాలమంతా వాటి కోసం సంచులు కుట్టుకోవడానికే సరిపోయిందని ఆయన అంటూ ఉంటాడు.

ఈ ఏడాది రేగడిదిన్నె ఊళ్ళో అరవై ఒక్కమంది రైతులకు ఆయన విత్తనం ఇస్తానని మాట ఇచ్చాడు. ఎనిమిది వందల నలభై ఎకరాలు, ఎకరాకు ఒక మూట. గింజ గింజా ఏరించి, నాలుగు ఎండలు ఆరబెట్టించి, మూతులను ఎర్ర దారంతో రెండు ముడులు వేయించి కుట్టించాడు. లైసెన్సు ఉన్న విత్తన వ్యాపారి తన సరుకును మండలి గోడౌన్‌లోనే ఉంచాలన్నది నిబంధన. కాబట్టి ఎండాకాలం మొదట్లోనే మూటలన్నీ రెండో నంబరు గోడౌన్‌కు చేర్చి రసీదు తీసుకున్నాడు.

మేలో ఒక మధ్యాహ్నం, మూటలకు మరోసారి ఎండ చూపించడానికి అనుమతి అడుగుదామని గోడౌన్ ఆఫీసుకు వెళ్ళాడు. సూపరింటెండెంట్ చంద్రమౌళి చొక్కా కాలరు దాకా తడిసిపోయి ఉన్నాడు. జిల్లా నుంచి సంయుక్త సంచాలకులు శరభేశ్వరరావు గారు తనిఖీకి వచ్చి, చంద్రమౌళి కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ చూస్తున్నారు.

ఆ కంప్యూటర్‌కు ఒక కథ ఉంది. మండలి వారి యాభై ఏళ్ళ రిజిస్టర్లను ఫోటోలు తీసి అందులో పెట్టారు. వాటికి తోడు శరభేశ్వరరావు గారు మొక్కలు నాటుతున్న ఫోటోలు పదకొండు వేలు చేరాయి. మొక్కలు మాత్రం తొమ్మిదే. దాంతో కంప్యూటర్ చోటు లేదని మొరాయించింది. కంపెనీ మనిషి ఒకడు వచ్చి, ఏదో నొక్కి, టీ తాగి వెళ్ళాడు. అప్పటినుంచి ఫైళ్ళన్నీ పేర్లతో సహా ఎప్పటిలాగే కనిపిస్తున్నాయి, కాకపోతే ఒక్కోదాని పక్కన చిన్న మబ్బు బొమ్మ వచ్చి చేరింది.

"ఈ యంత్రం సామర్థ్యం ఎంత?" అన్నారు శరభేశ్వరరావు గారు.

"రెండు వందల యాభై ఆరు జీబీ సార్."

"ఇందులో నిల్వ ఉన్నది?"

చంద్రమౌళి వంగి నొక్కాడు. తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. "తొమ్మిది వందల పది సార్."

శరభేశ్వరరావు గారు తెర దగ్గరికి వంగి చూశారు. తరవాత గొంతు తగ్గించి, "రెండు వందల యాభై ఆరులో తొమ్మిది వందల పది ఎలా పట్టిందయ్యా?" అన్నారు.

"పట్టలేదు సార్. ఇక్కడ పేరు మాత్రమే ఉంటుంది. అసలు సరుకు పైన ఉంటుంది."

"పైన అంటే?"

చంద్రమౌళి ఫ్యాను వైపు చూశాడు. "పైనే సార్. నెట్టులో. మనకు కావాలని నొక్కితే దిగి వస్తుంది."

"మరి ఇక్కడ ఆక్రమించే స్థలం?"

"సున్నా సార్. అదిగో, రెండో వరసలో అదే చూపిస్తోంది. సైజు తొమ్మిది వందల పది, డిస్కు మీద సైజు సున్నా."

శరభేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కిటికీలోంచి గోడౌన్ కేసి చూశారు. తలుపులు తీసి ఉన్నాయి. లోపల మూటలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"చంద్రమౌళీ," అన్నారు ఆయన చివరికి, "మనం యాభై ఏళ్ళుగా మూటల్ని నిల్వ చేస్తూ వచ్చాం."

"అవును సార్."

"ఎంత స్థలం వృథా చేశామో చూడు."

పెద్దాయన హాస్యమాడుతున్నాడనుకుని శెట్టి బెంచీ మీదనే మర్యాదగా నవ్వాడు. గదిలో మరెవరూ నవ్వలేదు.

సెప్టెంబరులో సర్క్యులర్ వచ్చింది. విషయం అన్నచోట "నిల్వలయందు స్థల ఆక్రమణ నిర్మూలన గురించి" అని ఉంది. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, సరుకు గోడౌన్‌లో స్వయముగా ఉండుట అనునది కాలము చెల్లిన పద్ధతి అయి ఉన్నది. ఇకమీదట ప్రతి గోడౌన్‌నందు సరుకు పేరు, సైజు, యజమాని వివరములు మాత్రమే ఉంచి, సరుకును పైకి పంపవలెను. సరుకు ఉండిన స్థానమున ఒక పలకను వ్రేలాడదీసి, దానిపై సుద్దతో మబ్బు గుర్తు వేయవలెను. యజమాని కోరిన మీదట సరుకు క్రిందికి దిగివచ్చును."

హమాలీల మేస్త్రి దాదా ఖలందర్ మొదటి మూటను భుజాన వేసుకుని ఒక సందేహం వెలిబుచ్చాడు.

"పైకంటే యాడికి సార్?"

చంద్రమౌళి సర్క్యులర్‌ను మూడుసార్లు చదివాడు. అందులో ఆ వివరం లేదు. జిల్లా ఆఫీసుకు లేఖ రాసి స్పష్టత కోరాడు. వారం తరవాత స్పష్టత వచ్చింది. "పైన అనగా ఇక్కడ కానిది."

ఇక్కడ కాని చోట్లలో అందరికంటే దగ్గరిది మూడో నంబరు గోడౌన్. కాబట్టి మూటలన్నిటినీ లారీలకెత్తించి అక్కడికి పంపాడు. మూడో నంబరు సూపరింటెండెంట్‌కు కూడా అదే స్పష్టత అందింది గనక ఆయన తన మూటలను నాలుగో నంబరుకు పంపాడు. నాలుగు వాళ్ళు ఒకటికి పంపారు. ఒకటి వాళ్ళు రెండుకు పంపారు. జిల్లాలో ఉన్నవి నాలుగే గోడౌన్లు.

రిజిస్టర్లు మాత్రం కళకళలాడాయి. రెండో నంబరు గోడౌన్ సామర్థ్యం నాలుగు వేల మూటలు. సైజు గడిలో నాలుగు వేలు, ఆక్రమించిన స్థలం గడిలో సున్నా. రెండూ నిజమే, రెండింటి కిందా సంతకాలున్నాయి. ఎంత నిల్వ చేస్తున్నారని ఎవరైనా అడిగితే మండలి మొదటి అంకె చెప్పేది. ఎంత చోటు ఆదా చేశారని అడిగితే రెండో అంకె చెప్పేది. శెట్టి తన జీవితంలో కొనేటప్పుడు ఒక తక్కెడ, అమ్మేటప్పుడు ఇంకో తక్కెడ వాడేవాళ్ళను చూశాడు. వాళ్ళు కనీసం రెండో తక్కెడను గోనె కింద దాచేవాళ్ళు.

గేటు దగ్గరున్న కంప్యూటర్‌కు మాత్రం రెండో గడి ఒకటుందని ఎవరూ చెప్పలేదు. అది సైజు ఒక్కటే కూడుతుంది.

"భయపడకండి శెట్టిగారు," అని చంద్రమౌళి ధైర్యం చెప్పాడు. "మీ సరుకు మునుపటికంటే భద్రం. ఇప్పుడు దాన్ని ఎలుక కూడా ముట్టుకోలేదు. ఎక్కడుందని వెతుకుతుంది?"

అక్టోబరు రెండో వారంలో వాన పడింది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు, ఊరిని తడిపి ఆరేసినట్టు. వెలిసిన నాటి ఉదయమే రేగడిదిన్నె నుంచి ఓబుళమ్మ శెట్టి అంగడికి వచ్చింది. ఇరవై రెండెకరాల ఆసామి. భర్త పోయాక గొర్రు వెంట తానే నడుస్తుంది, ఊళ్ళో మిగతా అరవైమంది ఆమె గొర్రు దిగిందంటేనే తమది దింపుతారు.

"ఇత్తనాలు యాడ శెట్టీ?"

"గోడౌన్‌లో ఉండాయి ఓబుళమ్మా."

"నేను ఆ దోవనే వస్తి. తలుపు సందులోంచి చూస్తి. ఆడ ఏమీ ల్యా. పావురాలుండాయి."

"ఉండాయి గానీ, ఆడ లేవు."

ఓబుళమ్మ ఆయన మొహంలోకి చూసింది. "ఒంట్లో బాగలేదా శెట్టీ? కళ్ళు గూడా లోతుకు పొయినట్టుండాయి."

ఇద్దరూ కలిసి గోడౌన్‌కు వెళ్ళారు. శెట్టి "క్రిందికి దింపుకొను దరఖాస్తు" నింపి ఇచ్చాడు. చంద్రమౌళి దాన్ని చదివి, సంతోషంగా తలూపి, గేటు కంప్యూటర్‌లో ఎక్కించాడు. కంప్యూటర్ ఎర్రగా ఏదో చూపించింది.

"చోటు లేదంటోంది శెట్టిగారు."

శెట్టి తల తిప్పి గోడౌన్‌లోకి చూశాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చిమ్మి పెట్టిన సిమెంటు నేల. పైనుంచి తాళ్ళకు పలకలు వేలాడుతున్నాయి, ఒక్కో పలక మీద ఒక్కో మబ్బు. దగ్గితే నాలుగుసార్లు వినిపిస్తుంది.

"అడ్డం ఏముంది సార్?"

"మూటలు."

"యాడుండాయి?"

"అవి పైన ఉన్నాయండీ. కానీ ఇక్కడ చూపిస్తోంది కదా. నాలుగు వేలకు నాలుగు వేలూ నిండి ఉన్నాయి. మీ ఎనిమిది వందల నలభై దింపాలంటే ఎనిమిది వందల నలభై మూటల చోటు ఖాళీగా ఉండాలి."

"నా మూటలుండే చోటు ఉంటాది గదా. ఆ చోట్లో ఏముండాయి?"

చంద్రమౌళి రిజిస్టర్ తిప్పాడు. వేలితో వరస వెంట పోయి ఆగాడు. "మీ మూటలే ఉన్నాయి."

"నా మూటలు దిగేదానికి నా మూటలే అడ్డమా?"

"సూటిగా చెప్పాలంటే అంతే."

ఓబుళమ్మ ఈలోగా గోడౌన్ నడిమధ్యకు నడిచి, రెండు చేతులూ చాపి, చుట్టూ ఒకసారి తిరిగింది. "సామీ, నేనిప్పుడు యాడ నిలబడుండా?"

"మీరు శనగమూటల మీద ఉన్నారమ్మా. దయచేసి కిందికి దిగండి."

ఆమె ఒక అడుగు పక్కకు వేసింది.

"అక్కడ మినుములున్నాయి," అన్నాడు చంద్రమౌళి.

శెట్టి కోపం తెచ్చుకోలేదు. కోపం వస్తే మనిషి లెక్క తప్పుతాడని ఆయన అనుభవం. "సరే సార్, దీనికి ఏదో దోవ రాసుంటారు గదా. చెప్పండి."

చంద్రమౌళి సర్క్యులర్ అనుబంధం తీశాడు. అతను చెడ్డవాడు కాదు, మనుషులకు సాయం చేయాలన్న కోరిక ఉంది. "ఉంది శెట్టిగారు. మీ పేరున ఉన్న ఎనిమిది వందల నలభై మూటల ఎంట్రీని ఇక్కడ తొలగిస్తే, అంత చోటూ ఖాళీ అయిపోతుంది. ఆ క్షణమే దింపుకోవచ్చు. ఇక్కడొక సంతకం పెడితే చాలు."

శెట్టి జేబులోంచి కలం తీశాడు. మూత కూడా తీశాడు. సంతకం పెట్టేముందు ఒక ప్రశ్న అడగడం ముప్పై ఆరేళ్ళ అలవాటు.

"తీసేస్తే యాడ తీసినట్టు సార్? ఈడ మట్టుకేనా, పైన గూడానా?"

చంద్రమౌళి పేజీ తిప్పి చదివాడు. "ఇక్కడ తొలగింపబడినది అన్ని చోట్లా తొలగిపోవును."

"అంటే దింపుకునేదానికి చోటుంటాది. దింపుకునేదానికి మూటలుండవు."

"చోటుకు మాత్రం హామీ నాది," అన్నాడు చంద్రమౌళి.

శెట్టి కలానికి మూత పెట్టాడు. మొదటి రోజు అయిపోయింది.

రెండో రోజు ఆయన బస్సెక్కి జిల్లా ఆఫీసుకు పోయి, మధ్యాహ్నం దాకా వసారాలో కూర్చున్నాడు. శరభేశ్వరరావు గారు తీరిక లేకుండా ఉన్నారు. స్థలం ఆదా చేసినందుకు ఆయనకు రాజధానిలో సన్మానం జరగబోతోంది, ఎల్లుండి పొద్దున్నే బయలుదేరాలి, ప్రసంగం దిద్దుకుంటున్నారు. అయినా శెట్టిని లోపలికి పిలిచి, చెప్పిందంతా విన్నారు.

"మీతో వచ్చిన చిక్కేమిటంటే శెట్టిగారు, మీరు సరుకును ఇంకా వస్తువుగానే చూస్తున్నారు."

"విత్తేదానికి వస్తువే కావల్ల సార్. రేపటికి గొర్రు దిగతాది. ఆడినుంచి నాలుగు దినాలే పదును."

"ఆ దిశలోనూ మేం ఆలోచించాం." శరభేశ్వరరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "మీ రైతులు స్వయంగా విత్తవలసిన అవసరం ఏముంది? పంట పేరు, ఎకరాల సంఖ్య ఒక పలక మీద రాసి, పొలంలో నాటమనండి. దిగుబడి అంచనా మేం ఇక్కడినుంచి పంపిస్తాం. నేలకు శ్రమ ఉండదు. ఎరువు ఖర్చు ఉండదు. పురుగు పట్టే ప్రసక్తే లేదు."

"తినేదానికి సార్?"

"అది వేరే శాఖ," అన్నారు ఆయన.

శెట్టి లేచి దండం పెట్టి వచ్చేశాడు. తిరుగు బస్సులో కూర్చుని లెక్క వేశాడు. రేగడిదిన్నెలో గొర్రు తగిలించే ట్రాక్టర్లు పద్నాలుగు. ఒక్కోటి రోజుకు ఇరవై ఎకరాలు విత్తుతుంది. అన్నీ కలిసి రెండు వందల ఎనభై. ఎనిమిది వందల నలభై ఎకరాలకు సరిగ్గా మూడు రోజులు. పదును ఉండేది నాలుగు రోజులు. అంటే చేతిలో మిగులు ఒక్క రోజు.

ఆ ఒక్క రోజూ, అంటే మూడో రోజంతా, దరఖాస్తు వెంట తిరగడంలో పోయింది. పొద్దున్నుంచి పద్నాలుగు ట్రాక్టర్లూ గొర్రులు తగిలించుకుని చేల గట్ల మీద నిలబడ్డాయి. సాయంత్రం శెట్టి గోడౌన్ మెట్ల మీద కూర్చుని ఉండగా దాదా ఖలందర్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"నీ మూటలు పైన లేవు శెట్టీ. లారీల మీదుండాయి."

"ఎవురు చెప్పినారు?"

"నేను చూసినా. మేము ఎక్కించి మూడో నంబరుకు పంపితిమా? వాళ్ళ కంప్యూటరు నిండిందనె. నాలుగుకు పంపిరి. ఆడా నిండిందే. ఒకటికి పొయ్యె. ఆడా అంతే. అట్ల తిరుక్కోని తిరుక్కోని మొన్న సాయంత్రం గూడా మన గేటుకే వచ్చె. ఎర్ర దారం చూసి గుర్తుపట్టినా, నీవేనని. మన సార్ పొయ్యి కంప్యూటరు చూసి, నిండిందని మళ్ళా మూడుకు తోలిచ్చె."

"నా మూటలు నా గేటు దాకా వచ్చినాయా?"

"వచ్చి, మొకం చూపిచ్చి పొయినాయి. మూడు లారీలు. ఒగదాని ఎనకాల ఒగటి పోతాండాయి, డ్రైవర్లు ముగ్గురూ ఒగే స్టవ్వు మీద వండుకుంటారు."

శెట్టి వేళ్ళ మీద లెక్క వేశాడు. నాలుగు గోడౌన్లూ కలిపితే చుట్టు రెండు వందల ఇరవై కిలోమీటర్లు. ప్రతి గేటు దగ్గరా నిండిందని చెప్పించుకోవడానికి సగం పూట. మొన్న సాయంత్రం ఇక్కడినుంచి పోయినవి, ఒకటో నంబరు దాటి ఇటు తిరిగేసరికి రేపు పొద్దున అవుతుంది. ఒకటో నంబరు నుంచి రెండుకు వచ్చే రోడ్డు రేగడిదిన్నె చేల మధ్యలోంచే పోతుంది. లారీలను వెతుక్కుంటూ పోవలసిన పని లేదు. రోడ్డు పక్కన కూర్చుంటే అవే వస్తాయి.

నాలుగో రోజు తెల్లవారేసరికి అరవై ఒక్కమంది రైతులూ రోడ్డు మీద ఉన్నారు. ఏడున్నరకు మూడు లారీలు కనిపించాయి. ముందు లారీ డ్రైవర్ ఈరన్న గడ్డం మొహమంతా కమ్మేసింది.

"మూటలు దించు ఈరన్నా," అన్నాడు శెట్టి.

"కాయితం ఉంటే ఇయ్యి, దించుతా. ఇరవయ్యారు దినాలాయె ఇంటికి పొయ్యి. మా పాప నన్ను ఫోన్లో చూసి ఎవురో సాములోరనుకునె."

"నీ దగ్గరుండే కాయితం చూపియ్ ముందు."

ఈరన్న డ్యాష్‌బోర్డు మీదనుంచి మడతలు పడిన కాగితం తీసి ఇచ్చాడు. శెట్టి అద్దాలు పెట్టుకుని చదివాడు. మూటలు రిజిస్టర్ ప్రకారం గోడౌన్ దాటలేదు. కాబట్టి దాటినట్టు కాగితం రాయడానికి చంద్రమౌళికి వీల్లేకపోయింది. లారీలో ఉన్న సరుకు అన్నచోట చక్కటి అక్షరాలతో "ఖాళీ" అని రాసి, ముద్ర వేసి ఉంది.

"ఖాళీ లారీలోనుంచి దించుకునేదానికి ఎవురి అనుమతి కావల్ల ఈరన్నా?"

ఈరన్న కాగితం వెనక్కి తీసుకుని తానూ చదువుకున్నాడు. గడ్డం గోక్కున్నాడు. తరవాత కిందికి దూకి వెనక తలుపు గొళ్ళెం లాగేశాడు.

దాదా ఖలందర్ మనుషులు తొమ్మిదిమంది మూటలు దించడం మొదలుపెట్టారు. రోడ్డుకు రెండు పక్కలా బురద గుంటలుండడంతో మూటలను రోడ్డు మీదే పేర్చారు. తొమ్మిదయ్యేసరికి ఎనిమిది వందల నలభై మూటలూ రోడ్డుకు అడ్డంగా గోడ కట్టినట్టు నిలిచాయి. ట్రాక్టర్లు ఇంకా వరసలోకి రాలేదు. అటు రెండు బస్సులు, ఇటు ఒక పెళ్ళి వ్యాను ఆగాయి. పెళ్ళి వ్యాను వెనక మండలి జీపు ఆగింది.

జీపులోంచి శరభేశ్వరరావు గారు దిగారు. సన్మానానికి పట్టు కండువా అప్పుడే వేసుకున్నారు. వెనకే చంద్రమౌళి ప్రసంగం ఫైలు పట్టుకుని దిగాడు.

"ఏమిటిది? ఏమిటీ మూటలు?"

శెట్టి మనసులో గబగబా లెక్క నడిచింది. ఈ రోజు, రేపు, ఎల్లుండి. మూడు రోజులకు సరిగ్గా మూడు రోజుల పని. పద్నాలుగు గొర్రులు ఆగిపోతే గంటకు ఇరవై మూడెకరాలు బీడు. నావి అంటే, గోడౌన్‌కు చేర్చమంటాడు. గోడౌన్‌కు పోతే నిండిందంటారు. మళ్ళీ లారీ. మళ్ళీ ఇరవయ్యారు రోజులు.

"తెలీదు సార్," అన్నాడు శెట్టి.

"తెలియకపోవడమేమిటి? శనగ మూటల్లా ఉన్నాయి. ఎర్ర దారం. మీ దారమే కదా ఇది?"

"నా మూటలు మీ గోడౌన్‌లో ఉండాయి గదా సార్. రెండో నంబరులో. ఎనిమిది వందల నలభై. సూపరింటెండెంటు గారున్నారు, అడగండి."

చంద్రమౌళి ఫోను తీసి, వేలితో పైకీ కిందికీ జరిపి, నిటారుగా నిలబడ్డాడు. "ఎనిమిది వందల నలభై. అన్నీ భద్రంగా ఉన్నాయి సార్. ఒక్కటి కూడా తగ్గలేదు."

శరభేశ్వరరావు గారి మొహంలో ముందు తృప్తి కనిపించింది. తరవాత అది నెమ్మదిగా సన్నగిల్లింది. ఆయన మూటల గోడ కేసి చూశారు, ఫోను కేసి చూశారు, తన కండువా కేసి చూసుకున్నారు. ఇవి మూటలైతే అక్కడున్నవి మూటలు కావు. అక్కడున్నవి మూటలు కాకపోతే సాయంత్రం సన్మానం లేదు.

"ఇవి మూటలు కావు," అన్నారు ఆయన.

"మరి ఏమని రాయమంటారు సార్?" అన్నాడు చంద్రమౌళి.

"అవరోధం అని రాయి." గొంతు సవరించుకుని జీపు బానెట్ మీద చెయ్యి ఆనించి చెప్పసాగారు. "ప్రజా రహదారిపై అడ్డముగా పడియున్న గుర్తు తెలియని పదార్థమును, స్థానికులు తక్షణమే ప్రక్కనున్న పొలములలోనికి తరలించవలెను."

రైతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. శెట్టి నేల చూపులు చూస్తున్నాడు, నవ్వు వస్తే పని చెడుతుంది.

ఓబుళమ్మ కొంగు బిగించి ముందుకు వచ్చింది. "సంచులతోనే తీసుకపొమ్మంటావా సామీ, ఇప్పి పొయ్యమంటావా?"

"సంచులు ఉంటే ఎవరైనా గుర్తుపడతారు. విప్పేయండి."

"కుప్పగా పోస్తే రోడ్డు మింద పొయ్యేటోళ్ళకు కనపడతాది. దూరం దూరంగా చల్లేదా?"

"దూరం దూరంగా. వరసగా. చూడడానికి క్రమశిక్షణ ఉండాలి. రాయి చంద్రమౌళీ, వరసలుగా అని రాయి."

"చల్లినా ఎండకు మెరుస్తాంటాయి సామీ."

"అయితే మట్టి కప్పండి. పైకి ఒక్కటి కూడా కనపడకూడదు."

"ఎంత లోతు?"

శరభేశ్వరరావు గారు చంద్రమౌళిని చూశారు. చంద్రమౌళి శెట్టిని చూశాడు.

"రెండంగుళాలయితే పావురాలు పీకి బయటేస్తాయి సార్," అన్నాడు శెట్టి వినయంగా. "సాక్ష్యం మిగిలిపోతాది."

"మూడంగుళాలు రాయి."

చంద్రమౌళి మూడంగుళాలు రాశాడు. పెళ్ళి వ్యానులోంచి ఎవరో హారన్ కొట్టారు. శెట్టి మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"గడువు గూడా పెడితే బాగుంటాది సార్. మా వాళ్ళకు భయం ఉండదు, వారాల తరబడి చేస్తారు."

"ఎల్లుండి సూర్యాస్తమయం లోపల." శరభేశ్వరరావు గారి కంఠం ఇప్పుడు స్థిరంగా ఉంది. "ఆ తరవాత ఒక్క గింజ నేల పైన కనపడినా తీవ్రమైన చర్యలుంటాయి. దారికి అడ్డు వచ్చే ట్రాక్టర్లుంటే వాటినీ పొలాల్లోకే దింపించండి."

ఆయన సంతకం పెట్టారు. చంద్రమౌళి జీపులో స్టాంపు ప్యాడు వెతికి ముద్ర వేశాడు. శెట్టి ఒక నకలు అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, లోపలి జేబులో పెట్టుకున్నాడు. మూటల గోడ మధ్యలో జీపు పట్టేంత సందు చేశారు. జీపు పోయింది, దాని వెనక పెళ్ళి వ్యాను పోయింది.

శెట్టి గడియారం చూసుకున్నాడు. మాటల్లో నలభై నిమిషాలు పోయాయి, లెక్క ప్రకారం పదిహేనెకరాలు. గబగబా తిరిగి ఓబుళమ్మ కోసం చూశాడు. ఆమె ఉత్తర్వు మీద ముద్ర పడేదాకా ఆగలేదు. చేలో ఆమె గొర్రు అప్పటికే రెండో సాలు తిరుగుతోంది.